సంఘ రిజిస్టర్లను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ముందు

ప్రశ్న: మాది గుంటూరులో నూరేళ్లు దాటిన క్రైస్తవ సంఘం. ఈ సంవత్సరమే నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. బాప్తిస్మం, వివాహం, సమాధి రిజిస్టర్లు, కుటుంబాల చిట్టా, చందా పుస్తకాలు బీరువాలో ఉన్నాయి. కొన్ని 1890ల నాటివి. కొంత సమాచారం చాలా ఏళ్ల కిందట ఒక కంప్యూటర్ సెంటరు వారు చేసిచ్చిన చిన్న ప్రోగ్రాములో, మరికొంత అనూ ఫాంటులో కొట్టించిన ఎక్సెల్ ఫైళ్లలో ఉంది. ఆ సెంటరు ఇప్పుడు లేదు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా సంఘ యువకుడొకరు ఇంటర్నెట్‌లో నడిచే చర్చి నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఒకటి చూశాడు. క్రిస్మస్‌లోగా అన్నీ అందులోకి మార్చేద్దామంటున్నాడు. మా పాస్టరు అయ్యగారు సరేనన్నారు. ఎవరి చందా ఎంతో అందరి ఫోన్లలో కనిపిస్తుందేమోనని పెద్దలు భయపడుతున్నారు. ముప్ఫై ఏళ్లుగా ఈ పుస్తకాలు రాస్తూ వచ్చిన మాస్టారు ‘ఇక నాతో పనేముంది’ అని తాళాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏవి ఎక్కించాలి? ఎక్కించాక పాత పుస్తకాలు ఉంచాలా?
— ఒక సంఘ కార్యదర్శి, గుంటూరు

జవాబు:

కార్యదర్శి గారికి వందనాలు.

ముందుగా మాస్టారి ఇంటికి వెళ్లి ఆ తాళాలు మళ్లీ ఆయన చేతిలో పెట్టండి. పెద్దాయన మనసు నొచ్చుకున్నందుకు అది ఎలాగూ చేయవలసిందే. అంతకు మించిన కారణం, ఆయన లేకుండా ఈ పని సరిగా జరగదు. మీ చిట్టాలో మరియమ్మలు ఎందరుంటారో ఊహించుకోండి. బాప్తిస్మం పుస్తకంలో రాహేలు అని రాసి ఉన్న పాప వివాహ రిజిస్టరులో రాహేలమ్మ అవుతుంది, చందా పుస్తకంలో పేరే లేకుండా ఫలానావారి భార్యగా మిగులుతుంది. కంప్యూటర్‌కు వీరు ముగ్గురు మనుషులు. మాస్టారికి ఒక్కరే. ఆమె తల్లి ఎవరో, ఏ పేటలో కాపురముండేవారో, సమాధి ఏ వరుసలో ఉందో కూడా ఆయన చెప్పగలరు. ఆ సంగతులు ఏ పుస్తకంలోనూ లేవు. ఇప్పుడు అడిగి రాసుకోకపోతే ఇంకెప్పటికీ దొరకవు.

అందుకని పనిని ఇలా అమర్చండి. పుస్తకం మాస్టారి ముందు ఉండాలి. ఆయన చదవాలి, పక్కన కూర్చున్న పిల్లో పిల్లవాడో కంప్యూటర్‌లో కొట్టాలి. ఏదైనా పేరు దగ్గర ఆయన ఆగి, ‘ఈమె ఆ రెండో వీధి రూతమ్మ చెల్లెలు’ అంటే ఆ మాటను కూడా వేరే గడిలో, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాసి పెట్టాలి. దీనికి పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న పిల్లలు చక్కగా పనికొస్తారు. వాళ్లకు తమ తాతమ్మల పేర్లు ఆ పుస్తకాల్లో కనిపించినప్పుడు వచ్చే ఉత్సాహం చెప్పనలవి కాదు. రోజుకు రెండు గంటలకు మించి కూర్చోబెట్టకండి. పాత చేతిరాత చదివీ చదివీ కళ్లు అలసిపోతే తప్పులు మొదలవుతాయి.

ఇక మొత్తం పనికి ఆధారంగా పెట్టుకోవలసిన నియమం ఒకటుంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం 78వ సెక్షనులో అది ఉంది. వివాహ రిజిస్టరులో తప్పు దొర్లినట్టు తెలిస్తే, తెలిసినప్పటినుంచి నెలలోగా, పెళ్లి చేసుకున్న ఇద్దరి సమక్షంలో దాన్ని సరిచేయవచ్చు. వారు చనిపోయినా అందుబాటులో లేకపోయినా ఇద్దరు నమ్మదగిన సాక్షులు ఉండాలి. సరైన మాటను అంచున రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. అసలు రాతను మాత్రం ముట్టుకోకూడదు. నూటయాభై ఏళ్ల కిందటి ఈ పద్ధతినే మీ కొత్త సాఫ్ట్‌వేర్‌కూ పెట్టుకోండి. ముఖ్యమైన ప్రతి వివరానికీ రెండు గడులు ఉంచండి: ఒకటి ‘పుస్తకంలో ఉన్నట్టు’, రెండోది ‘ఇప్పటి రూపం’. మొదటి గడిలో అక్షరం కూడా మార్చకూడదు. సవరణ, వివరణ, అనుమానం ఏదైనా రెండో గడిలోకే వెళ్లాలి.

ఇదెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, చదువుకున్న యువకులు మంచి ఉద్దేశంతోనే పాత రాతలను ‘సరిచేస్తారు’. మీ 1890ల పుస్తకంలో ‘గుంటూరు, కృష్ణా జిల్లా’ అని కనిపిస్తుంది. అది పొరపాటనుకుని మార్చేస్తారు. 1859 నుంచి 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా మన ఊరు కృష్ణా జిల్లాలోనే ఉండేది, కాబట్టి ఆ రాత సరైనదే. చీరాల నుంచి వచ్చిన కుటుంబాన్ని చూడండి. 1970కి ముందు రాసిన పేజీలో వారిది గుంటూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల. నరసరావుపేట వారు ఇప్పుడు పల్నాడు జిల్లావారు. మూడు పేజీల్లో మూడు జిల్లాలున్నా కుటుంబం ఒక్కటే, ఊరూ ఒక్కటే. అన్నిటినీ ఇప్పటి జిల్లా పేరుతో నింపేస్తే రేపు ఎవరైనా పాత పత్రంతో పోల్చి చూసుకున్నప్పుడు మీ నకలు తప్పని తేలుతుంది.

పుట్టిన తేదీల దగ్గర ఈ నియమం మీకు మరీ అవసరమవుతుంది. బడిలో చేర్చిన రోజున పంతులుగారు వేసిన జులై 1 పుట్టినరోజుగా స్థిరపడిపోయినవారు మన పెద్దల్లో ఎందరో. బాప్తిస్మం పుస్తకంలో ఇంకో తేదీ ఉంటుంది. కంప్యూటర్‌లోకి మారుస్తున్నారని తెలియగానే కొందరు మీ దగ్గరకు వచ్చి, ‘సర్టిఫికెట్లో ఉన్న తేదీయే వేసేయండి, పని సులువవుతుంది’ అంటారు. వేయకండి. సర్టిఫికెట్టు తేదీని రెండో గడిలో రాసి, ఏ పత్రం చూసి రాశారో పక్కన పెట్టండి. జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ వల్ల 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవారికి పుట్టిన తేదీ విషయంలో ప్రభుత్వ జనన ధ్రువపత్రమే ఆధారం. అంతకుముందు పుట్టినవారు మాత్రం బాప్తిస్మం నకలు కోసం ఇంకా వస్తూనే ఉంటారు. సంఘం ఇచ్చే కాగితానికి విలువ ఉండేది పుస్తకంలో ఉన్నదే అందులో ఉంటుందన్న నమ్మకం వల్ల. ఎవరికోసమూ ఆ నమ్మకాన్ని వదులుకోవద్దు.

ఇప్పుడు యంత్రం సంగతి. ఆ పాత ప్రోగ్రాము ఉన్న కంప్యూటర్‌ను ఎవరూ ముట్టుకోకముందే, ముఖ్యంగా ‘ఫార్మాట్ చేసేద్దాం’ అని ఎవరైనా అనకముందే, దానిలోని ఫోల్డరు మొత్తాన్ని రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎత్తండి. అప్పట్లో ఇలాంటి చిన్న ప్రోగ్రాములు చాలావరకు మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేసు ప్రోగ్రాము మీద కట్టినవి. ప్రోగ్రాము తెరుచుకోకపోయినా దాని వెనక ఉన్న డేటాబేసు ఫైలు దొరికితే పట్టికలను విడిగా బయటికి తీయవచ్చు. ఆ కంప్యూటర్‌లో విండోస్ 7 ఉన్నట్టయితే దానికి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు 2020 జనవరిలోనే ఆగిపోయాయి. దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించకండి.

అనూ ఫాంటు ఫైళ్లు ఇంకో రకం చిక్కు. తెర మీద తెలుగు కనిపిస్తున్నా లోపల ఉన్నవి ఆంగ్ల అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గీతలే కనబడతాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో వెతికితే ఒక్క పేరూ దొరకదు. వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్ అయినా తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి, మార్చే పరికరాలున్నాయి. మీ ఊళ్లో, విజయవాడలో పుస్తకాలు కూర్చే డీటీపీ వారికి ఆ పని బాగా తెలుసు. కాని మార్పిడి అయ్యాక వత్తులున్న పేర్లను ఒక్కొక్కటీ కంటితో చూడాల్సిందే. క్రీస్తుదాసు, ప్రకాశం, ఆశీర్వాదం లాంటి పేర్లు చెడిపోతే అక్కడే చెడిపోతాయి. జాన్సన్ అనే పేరును కొందరు నకారపొల్లు విడిగా కనబడేలా ‘జాన్‌సన్’ అని కొడతారు. దానికోసం మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం వేస్తారు. కంప్యూటర్ లెక్కలో ఆ రెండూ వేర్వేరు పేర్లు. ఏసురత్నం, యేసురత్నం కూడా అంతే. ఎలా రాయాలో ఒక పద్ధతి ముందే అనుకుని ‘ఇప్పటి రూపం’ గడిలో అంతా దాన్నే పాటించండి. వెతకడానికి ఆ గడి, సాక్ష్యానికి మొదటి గడి.

ఎక్సెల్‌తో తేదీలు జాగ్రత్త. 1900 జనవరి 1కి ముందున్న తేదీని ఎక్సెల్ తేదీగా గుర్తించదు, మామూలు మాటలాగా చూస్తుంది. మీ 1890ల బాప్తిస్మాలను వయసుల వారీగా, సంవత్సరాల వారీగా క్రమంలో పెట్టబోతే అవన్నీ చెల్లాచెదురవుతాయి. అమెరికాలో చేసిన సాఫ్ట్‌వేర్‌లు నెలను ముందు రాస్తాయి. 03/04/1987 అని మీరు ఏప్రిల్ 3 కోసం రాస్తే అది మార్చి 4 అయి కూర్చుంటుంది. 25/04/1987ను మాత్రం తప్పని చూపిస్తుంది, ఎందుకంటే ఇరవై అయిదో నెల లేదు. అంటే పన్నెండు దాటిన తేదీల తప్పే బయటపడుతుంది, మిగిలినవి చప్పుడు లేకుండా మారిపోతాయి. దీనికి మందు, ఎక్కించే ముందు అన్ని తేదీలనూ సంవత్సరం, నెల, రోజు వరుసలో 1987-04-03 అని రాయడమే. పుస్తకంలో ‘1893 ఆగస్టు’ అని మాత్రమే ఉంటే రోజు స్థానంలో ఒకటి వేయకండి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు పూర్తి తేదీ లేనిదే ఒప్పుకోవు. అప్పుడు తేదీ గడిని ఖాళీగా వదిలి, ఉన్నది ఉన్నట్టు వివరణలో పెట్టండి. తెలియని తేదీలన్నిటికీ జనవరి 1 వేసిన చోట కొత్త సంవత్సరం రోజున సగం సంఘానికి పుట్టినరోజు శుభాకాంక్షలు వెళతాయి. చనిపోయినవారి ఇళ్లకు కూడా వెళతాయి, అది చాలా బాధ పెడుతుంది. ఫైలును చివరికి సీఎస్‌వీగా, అంటే ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదవగల సాదా పట్టికగా, దాచేటప్పుడు తెలుగు అక్షరాలను నిలిపి ఉంచే యూటీఎఫ్-8 రకాన్నే ఎంచుకోండి. లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది.

పేర్ల గడులు కూడా మన పద్ధతికి సరిపోవు. అమెరికా సాఫ్ట్‌వేర్‌లలో ఉండేవి మొదటి పేరు, చివరి పేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలామందికి పొడి అక్షరమే. పెళ్లయ్యాక కొందరు స్త్రీలు భర్త ఇంటిపేరు పెట్టుకుంటారు, కొందరు పుట్టింటిదే ఉంచుకుంటారు. బాప్తిస్మంతో పేరు మారినవారూ ఉంటారు. ఇంటిపేరును చివరి పేరు గడిలో వేసి, పూర్తి పేరును మనం పిలిచే క్రమంలో ఇంకో గడిలో ఉంచండి. పుట్టింటి ఇంటిపేరుకూ ఒక చోటు ఉండాలి. ఇలా సొంత గడులు చేర్చుకోనివ్వని సాఫ్ట్‌వేర్ ఎంత అందంగా ఉన్నా మీకు పనికిరాదు. మీ సంఘం లూథరన్‌దో, సీఎస్‌ఐదో, బాప్టిస్టుదో మీరు రాయలేదు. బాప్టిస్టు సంఘమైతే బాప్తిస్మం వయసు వచ్చాక జరుగుతుంది కాబట్టి పుట్టిన తేదీ ఆ పుస్తకంలో ఉండకపోవచ్చు. శిశు బాప్తిస్మమిచ్చే సంఘంలో రెండు తేదీలూ పక్కపక్కన ఉంటాయి, ఒకదాని గడిలో ఇంకొకటి పడే ప్రమాదం ఉంది. ఏ శాఖదైనా మీ పైవారిని, అంటే సినడునో డయాసిస్ కార్యాలయాన్నో, ముందే అడగండి. అయ్యగార్లు బదిలీ అవుతారు, రిజిస్టర్లు సంఘంలోనే ఉంటాయి. వాటి విషయంలో పైవారి నియమాలు ఉంటే మీ కమిటీ తీర్మానం వాటికి లోబడే ఉండాలి.

పెద్దల భయం గురించి. అది పూర్తిగా న్యాయమైన భయం. ఆ యువకుడికి ఇది పెద్దల చాదస్తంలా కనిపిస్తుంటే ఈ భాగం అతనికి చదివి వినిపించండి.

చందాలు, దశమభాగాలు, కృతజ్ఞతార్పణలు ఎవరెంత ఇచ్చారన్నది కోశాధికారికి, లెక్కలు తనిఖీ చేసేవారికి తెలిస్తే చాలు. అయ్యగారికి కూడా మొత్తాలు చూపించండి, పేరు పేరునా వద్దని నా అభిప్రాయం. ఎవరెంత ఇచ్చారో తెలియనప్పుడు ఆయన ప్రతి గడపలోకీ ఒకే మనసుతో వెళ్లగలుగుతారు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో చాలావాటికి ఎవరికి ఏది కనిపించాలో నిర్ణయించే అమరిక ఉంటుంది. కార్యదర్శిగా మీరు ఒక పేరుతో, కోశాధికారి ఇంకో పేరుతో, యువజన నాయకుడు వేరే పేరుతో లోపలికి వెళ్లి ఎవరికి ఏం కనిపిస్తోందో పెద్దల ముందే చూపించండి. మాటలతో పోని భయం ఆ పావుగంటలో పోతుంది. పాత చందా పుస్తకాలను వరుస వరుసగా ఎక్కించవద్దు. మార్చి 31 నాటి నిల్వలు, బకాయిలు తీసుకుని ఏప్రిల్ 1 నుంచి కొత్తగా మొదలుపెట్టండి. పదేళ్ల కిందట ఎవరు ఎన్ని నెలల చందా కట్టలేదో ఇప్పుడు కంప్యూటర్‌లో పెట్టి సంఘానికి కలిగే మేలేమీ లేదు.

దీనికన్నా లోతైన సంగతి కులం. మిషను రోజుల బాప్తిస్మం పుస్తకాల్లో కొన్నిచోట్ల కులం రాసే గడి ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులుగా మారిన ఎస్సీలు, వారి సంతానం బీసీ-సి కింద వస్తారు. కాబట్టి ఒక మనిషి బాప్తిస్మం తేదీ అన్నది ఆ కుటుంబంలో పిల్లల చదువుకు, ఉద్యోగానికి, ఊళ్లో ఎన్నికలకు కూడా ముడిపడిన వివరం. ఆ వివరాన్ని ఎక్కడ, ఎప్పుడు చెప్పాలో ఆ మనిషే నిర్ణయించుకోవాలి. సంఘం దాన్ని వంద మంది తెరవగల ఫోను యాప్‌లో పెట్టకూడదు. కులం గడిని కొత్త సాఫ్ట్‌వేర్‌లో అసలు సృష్టించవద్దు. అది పుస్తకంలో ఉంది, అక్కడే ఉండనివ్వండి. బాప్తిస్మం వివరాలు మీకు, అయ్యగారికి, మాస్టారికి కనిపిస్తే చాలు. సభ్యుల డైరెక్టరీ అని అందరికీ పంచేదాంట్లో పేరు, పేట, వారు ఒప్పుకుంటే ఫోను నంబరు, అంతకుమించి వద్దు. ఆధార్ నంబర్లు ఎవరినీ అడగకండి, ఇచ్చినా రాసుకోకండి.

చట్టం కూడా ఇప్పుడు ఇదే దారిలో ఉంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023లో చేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. దాని సారం, ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, తప్పుంటే సరిచేయాలి, వద్దంటే ఆపాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. సండేస్కూలు పిల్లల ఫోటోలు, పేర్లు ఎక్కించేవారు ఇది గుర్తుంచుకోవాలి. తెలుగులో ఒక పేజీ కాగితం తయారుచేసి, ఆదివారం ఆరాధన తర్వాత చదివి వినిపించి, కుటుంబాల వారీగా సంతకాలు తీసుకోండి. చదవలేని వృద్ధుల ఇంటికి ఎవరైనా వెళ్లి చెప్పాలి. ఎలాగూ వెళతారు కాబట్టి ఫోను నంబర్లు, ప్రస్తుతం ఉంటున్న చోటు, చనిపోయినవారి వివరాలు అప్పుడే సరిచూసుకోండి.

క్రిస్మస్ గడువు మాత్రం వద్దు. డిసెంబరులో మీకు, అయ్యగారికి, గాయక బృందానికి ఊపిరి సలపదు. తొందరలో ఎక్కించిన తప్పులు సంవత్సరాల తరబడి వెంటాడుతాయి. క్రిస్మస్‌లోగా గడుల పట్టిక, సంతకాల కాగితం, పుస్తకాల ఫోటోలు పూర్తయితే అదే గొప్ప. జనవరి నుంచి ఇప్పుడు సంఘంలో ఉన్న కుటుంబాలను ఎక్కించండి. ఏప్రిల్ 1 నుంచి లెక్కలు. పాత రిజిస్టర్లు వేసవి సెలవుల్లో మాస్టారితో, పిల్లలతో. పాత పద్ధతిలో రాయడం వెంటనే ఆపకుండా కనీసం మూడు నెలలు రెండిటిలోనూ రాస్తూ, నెలాఖరున మొత్తాలు కలుస్తున్నాయో లేదో చూడండి. ప్రతి పుస్తకం ఎక్కించడం అయ్యాక రెండు పరీక్షలు పెట్టండి. పుస్తకంలో ఎన్ని వరుసలున్నాయో, కంప్యూటర్‌లోనూ అన్నే ఉన్నాయా? అక్కడక్కడా తెరిచిన పది పేజీలు, ఆ పుస్తకం ఎక్కించని ఇంకో మనిషి చదివి చూస్తే, అక్షరం అక్షరం కలుస్తున్నాయా? కలవకపోతే ఆ పుస్తకాన్ని మొదటినుంచి మళ్లీ చూడండి. ఒకే మనిషివిలా కనిపించే రెండు వరుసలను సాఫ్ట్‌వేర్ తనంతట తాను కలిపేస్తానంటే ఒప్పుకోకండి. కలపాలో వద్దో మాస్టారు చెప్పాలి.

చనిపోయినవారిని, ఊరు విడిచినవారిని తొలగించవద్దు. హైదరాబాదుకో, కువైట్‌కో, అమెరికాకో వెళ్లినవారికి వేరే గుర్తు పెట్టండి. బదిలీ పత్రం తీసుకుని ఇంకో సంఘంలో చేరినవారికి ఆ సంఘం పేరు, తేదీ రాయండి. సమాధుల రిజిస్టరును వరుస, సంఖ్యతో సహా ఎక్కించండి. సమాధుల పండుగకు దూరం నుంచి వచ్చినవారికి అంతకన్నా పెద్ద సాయం లేదు.

ఏ సాఫ్ట్‌వేర్ అన్నది మీరు అడగలేదు, నేనూ ఒకదాన్ని ఎంచి చెప్పను. నెల నెలా డాలర్లలో చందా కట్టించుకునే ప్లానింగ్ సెంటర్ లాంటివి ఉన్నాయి. చర్చ్‌సీఆర్‌ఎం లాంటి ఉచితమైన ఓపెన్ సోర్స్‌వీ ఉన్నాయి, కాని దాన్ని సర్వరు మీద పెట్టి, కాపీలు తీస్తూ, కాపాడే మనిషి ఎప్పటికీ మీ దగ్గర ఉండాలి. దేన్ని చూసినా ఒక పరీక్ష చేయండి. ఇరవై కుటుంబాలను ఎక్కించి, మళ్లీ అన్ని గడులతో సహా బయటికి తీయమనండి. తెలుగు చెడకుండా, భార్యాభర్తల, పిల్లల సంబంధాలు తెగకుండా బయటికి వస్తే అప్పుడు మాట్లాడండి. మీ పాత కంప్యూటర్ సెంటరు మూతపడినట్టే ఇదీ ఒకనాడు మూతపడవచ్చు. ఖాతా సంఘం పేరుతో, సంఘం ఈమెయిలుతో, సంఘం ఫోను నంబరుతో ఉండాలి. ఆ అబ్బాయి సొంత జీమెయిలుతో, సొంత కార్డుతో తెరిస్తే అతను ఉద్యోగం మీద ఇంకో దేశం వెళ్లిననాడు మీ సంఘం బయట నిలబడుతుంది. అతని నిజాయితీని శంకించి చెప్పడం లేదు, ఇంత శ్రద్ధ చూపిన పిల్లవాడి మీద రేపు నింద పడకూడదనే చెబుతున్నాను. పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉండాలి, ఒక నకలు కవరులో పెట్టి బీరువాలో ఉంచాలి. నెలకొకసారి మొత్తం సమాచారం కాపీ తీయాలి.

ఇక మీ చివరి ప్రశ్న. పాత పుస్తకాలు తప్పకుండా ఉంచాలి. వివాహ రిజిస్టరులో వధూవరుల సంతకాలు, సాక్షుల సంతకాలు, పెళ్లి చేసిన అయ్యగారి సంతకం ఉంటాయి. చట్టానికి కావలసింది అదే. ఇకముందు జరిగే పెళ్లిళ్లకు కూడా ఆ పుస్తకంలో రాయడం ఒక్కరోజు కూడా ఆగకూడదు, సాఫ్ట్‌వేర్‌లో నమోదు అదనం మాత్రమే. నేను పైన చెప్పిన 1872 చట్టమే వివాహ రిజిస్టరును కావాలని నాశనం చేసినవారికి ఏడేళ్ల వరకు జైలు శిక్ష పెట్టింది. కాబట్టి ‘అన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి కదా’ అని ఎవరైనా తూకానికి వేయబోతే అడ్డుపడండి.

ఫోటోలు తీసేటప్పుడు పుస్తకాన్ని వెల్లకిలా బలవంతంగా నొక్కకండి, కుట్లు తెగుతాయి. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోనును నిటారుగా పైన పట్టుకుని ఒక్కొక్క పేజీ తీయండి. ఖాళీ పేజీలు, అట్ట, అంచుల్లో రాసిన చిన్న మాటలు కూడా వదలొద్దు. ఫోటో పేరులో పుస్తకం, పేజీ సంఖ్య ఉండాలి, కంప్యూటర్‌లో ప్రతి వరుస పక్కనా ఆ సంఖ్య ఉండాలి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. బీరువాను గోడకు, నేలకు ఆనకుండా ఉంచి వానాకాలంలో చెదలు చూసుకుంటూ ఉండండి. ఫోటోల నకళ్లు ఒకటి సంఘంలో, ఒకటి వేరే పేటలో, ఒకటి వేరే ఊళ్లో ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు నీళ్లలో నిలిచినప్పుడు ఎన్ని కుటుంబాల కాగితాలు పోయాయో మీరూ చూశారు. ఒకే భవనంలో ఎన్ని నకళ్లున్నా అవి ఒక్క నకలు కిందే లెక్క.

మాస్టారిని కలిశాక, ఒక్క చిన్న పుస్తకాన్ని, వీలైతే సమాధుల రిజిస్టరును, ముందు పూర్తిగా ఎక్కించి చూడండి. అందులో మీరు పెట్టుకున్న గడుల పట్టికను నాకు పంపండి. పేర్లు తీసేసి, ఖాళీ పట్టిక మాత్రమే. బాప్తిస్మం పుస్తకం మొదలుపెట్టేలోగా చూసి రాస్తాను.